షుగర్ పేషెంట్‌కి పెద్ద ఆపరేషన్: డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులపై అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో నా ఉద్యోగం. ఫైనల్ అప్రూవల్ రాగానే పేషెంట్ తాలూకు వాళ్లంతా అనే మాట ఒకటే: "హమ్మయ్య, ఇన్సూరెన్స్ పని అయిపోయిందండీ." అవ్వలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పాల్సే వస్తోంది, అందుకే రాస్తున్నాను.

అపోహ: డిశ్చార్జ్‌తో ఇన్సూరెన్స్ ముగిసిపోతుంది.

వాస్తవం: ముగిసేది క్యాష్‌లెస్, అంటే కంపెనీయే ఆసుపత్రికి నేరుగా బిల్లు కట్టడం, మాత్రమే. చాలా పాలసీల్లో పోస్ట్ హాస్పిటలైజేషన్ కవర్, అంటే డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులకు కవర్, ఉంటుంది. అన్ని కంపెనీలూ ఒకేలా అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో అడ్మిషన్‌కు ముందు 30 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 రోజులు. ఇంకా ఎక్కువ రోజులిచ్చే పాలసీలూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఆ ఆపరేషన్‌కు సంబంధించిన మందులు, టెస్టులు, డాక్టర్ ఫీజు, డ్రెస్సింగుల ఖర్చును సమ్ ఇన్సూర్డ్‌లో (పాలసీ మొత్తంలో) మిగిలినంత మేరకు రీయింబర్స్‌మెంట్‌లో, అంటే ముందు మీరు కట్టి తర్వాత తిరిగి, అడగొచ్చు.

గుండెకు చేసే బైపాస్ సంగతే చూడండి. ఛాతీ ఎముక అతుక్కోవడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. షుగర్ ఉంటే రక్తనాళం తీసిన కాలి దగ్గర గాయం కూడా మొండికేస్తుంది. చీము, కల్చర్ టెస్టు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. మాత్రలతో నెట్టుకొచ్చిన మనిషి కొన్నాళ్లు ఇన్సులిన్ మీదికి వస్తాడు. సంపాదించే మనిషి మంచం మీద ఉంటాడు, ఇల్లు అప్పు మీద నడుస్తుంది. సరిగ్గా ఆ రెండు నెలల బిల్లులనే జనం చెత్తబుట్టలో వేస్తారు!

ఫ్యాన్సీ షాపు నడిపే ఒకాయన కూతురు డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ కోసం వచ్చింది. మాటల్లో, నాన్న డ్రెస్సింగుల ఖర్చుకు తన గాజులు తాకట్టు పెట్టామంది. బిల్లులేవమ్మా అని అడిగితే, "అవెందుకండీ, డిశ్చార్జ్ అయిపోయాంగా" అంది. కూర్చోబెట్టి చెప్పాను. మెడికల్ షాపాయన మంచివాడు, కంప్యూటర్‌లో వెతికి పేరు మీద కొట్టిన బిల్లులన్నీ మళ్లీ ప్రింట్ తీసిచ్చాడు. 'క్యాష్' అని పేరు లేకుండా కొట్టినవి దొరకలేదు. ఇంటికొచ్చి కట్టు మార్చిన నర్సుకు ఇచ్చిన డబ్బుకు రసీదే లేదు. వచ్చింది కొంతే, కానీ గాజులు మాత్రం విడిపించుకున్నారు.

కాబట్టి ప్రతి బిల్లు మీదా పేషెంట్ పేరు, తేదీ ఉండాలి. దానికి జతగా డాక్టర్ చీటీ ఉండాలి. పాత చీటీతో కొత్త మందు కొంటే కొర్రీ వేస్తారు. ఇంటి దగ్గర డ్రెస్సింగ్ అయితే అది అవసరమని డాక్టర్ చేత రాయించుకుని, నర్సు దగ్గర రసీదు తీసుకోండి. ఒరిజినల్స్ పంపేముందు అన్నిటికీ జిరాక్స్ తీసిపెట్టుకోండి. సంజీవనిలో ఈ క్లెయిమ్ ఆ చికిత్స పూర్తయిన 15 రోజుల్లో పెట్టాలి. మీ పాలసీ గడువు ఎంతో డిశ్చార్జ్ రోజే చూసుకోండి. డయాబెటిక్ చెప్పులకు మాత్రం ఆశ పడకండి, అవి సాధారణంగా ఇవ్వని వస్తువుల జాబితాలో ఉన్నాయి.

అపోహ: కేస్ షీట్‌లో షుగర్ అని రాయకపోతేనే క్లెయిమ్ వస్తుంది.

డ్యూటీ డాక్టర్‌ను పట్టుకుని "షుగర్ సంగతి రాయకండి సార్" అని బతిమాలేవాళ్లను వారానికొకరినైనా చూస్తాను. వాళ్ల భయం అర్థమవుతుంది, అది పుట్టించిన వాట్సాప్ సలహాదారుల మీదే నా కోపం. రక్త పరీక్షలో షుగర్ ఎలాగూ కనిపిస్తుంది. పైగా సమ్మరీలో షుగర్ అని, ఇన్సులిన్ అని లేకపోతే, రేపు ఇంట్లో వాడిన ఇన్సులిన్ బిల్లుకు ఈ ఆపరేషన్‌తో సంబంధం ఏమిటని టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) అడుగుతుంది. అప్పుడేం చూపిస్తారు?

జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. "ఎన్నేళ్ల నుంచి షుగర్?" అంటే మనవాళ్లు నోటికొచ్చిన అంకె చెబుతారు. రెండేళ్ల నుంచి ఉంటే "ఐదేళ్లుంటదిలే" అంటారు. పాలసీ తీసుకుని మూడేళ్లయితే, షుగర్ పాలసీకి ముందే ఉందని ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది. మొదటిసారి షుగర్ బయటపడిన రిపోర్టు వెతికి చూపించండి, సంతకం పెట్టేముందు సమ్మరీ చదవండి. 2024 ఏప్రిల్ నుంచి పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని మొదటి గడువు) 3 ఏళ్లు మించకూడదు. 5 ఏళ్లు గ్యాప్ లేకుండా కట్టిన పాలసీలో మోసమని నిరూపిస్తే తప్ప, జబ్బు దాచారన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఆరోగ్యశ్రీలో (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆపరేషన్ తప్ప ఇంకేమీ రాదనేది నిజం కాదు. బైపాస్ లాంటి కొన్నిటికి తర్వాత ఫాలోఅప్ ప్యాకేజీ ఉంటుంది. ఇంటికెళ్లేముందు ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడగండి. ఆంధ్రలో 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా కింద కోలుకునే రోజులకు రోజుకు 225, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు ఇచ్చారు. అది గుర్తుంచుకుని ఇప్పుడూ వస్తుందని లెక్క వేసుకుని అప్పు చేయకండి. ఆ పేరు చెప్పి ఫారానికి డబ్బులడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి.

ఈఎస్ఐ (జీతంలోంచి చందా కట్టే ఉద్యోగుల బీమా) అంటే మందులే అనుకుంటారు. చందా షరతులు సరిపోతే జబ్బు సెలవులో జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. మా ఆసుపత్రి కాగితం ఒక్కటే చాలదు, ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ కావాలి.

డబ్బులు కలిసొస్తాయని ఇన్సులిన్ డోసు తగ్గించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. గాయం తిరగబెట్టి మళ్లీ అడ్మిట్ అయితే అయ్యే బిల్లు ముందు ఆ మిగులు ఎంత? డాక్టర్‌నడిగి జన ఔషధి మందులకు మారండి.

ఇక, రిజెక్ట్ అంటే రిజెక్టే అనుకోవడం. ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయర్‌ని పెట్టుకోనక్కర్లేదు. ఫిర్యాదుతోపాటు రిజెక్షన్ లెటర్, డిశ్చార్జ్ సమ్మరీ, కంపెనీతో నడిపిన మెయిళ్ల కాపీలు జతచేయండి.