బ్రేకుల్లేని ఫిక్సీ: అపోహలు - వాస్తవాలు

ఫిక్సీ అంటే ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) లేని సైకిల్. వెనక పళ్ల చక్రం, అంటే కాగ్, నేరుగా చక్రం నడిమి భాగమైన హబ్‌కి బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. కాళ్లు బిగబడితే బండి నెమ్మదిస్తుంది. అందుకే ఫిక్సీ కొన్న కుర్రాళ్లు ముందుగా అడిగేది, "అన్నా, బ్రేకులు తీసేయవా?" అని. నేను ఫిక్సీలు కడతాను, తొక్కుతాను, ఆ బండంటే నాకు ప్రాణం. ముందు బ్రేకు లేకుండా మాత్రం ఏ బండినీ రోడ్డు మీదకి పంపను.

అపోహ: కాళ్లతోనే ఆపగలిగితే బ్రేకెందుకు?

ఆపగలరు. ఎంత దూరంలో ఆపగలరన్నదే అసలు విషయం. వేగం తగ్గుతున్నప్పుడు బరువంతా ముందుకి తూగుతుంది. ముందు టైరు రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. మీరు ఎంత గట్టిగా ఆపబోతే వెనక చక్రానికి అంత పట్టు తగ్గుతుంది. తొడల్లో ఎంత బలమున్నా ఇది మారదు.

గంటకి 25 కిలోమీటర్ల వేగంలో, పొడి తారు రోడ్డు మీద, ముందు బ్రేకు చక్కగా వాడితే సుమారు 5 మీటర్లలో ఆగొచ్చు. వెనక చక్రం ఒక్కదాంతో అయితే, ఎంత నేర్పున్నా దాదాపు 10 మీటర్లు కావాలి. ఇది ఆపడం మొదలెట్టాక పట్టే దూరం. అడ్డొచ్చిన మనిషిని చూసి తేరుకునే ఒక్క సెకనులో అప్పటికే 7 మీటర్లు వెళ్లిపోయి ఉంటారు.

స్కిడ్ కొడితే, అంటే వెనక చక్రాన్ని తిరగకుండా బిగబట్టి జారిస్తే, ఇంకా త్వరగా ఆగుతుందని చాలామంది నమ్మకం. స్కిడ్ కొట్టాలంటే సీటు మీంచి లేచి హ్యాండిల్ వైపు వాలాలి, లేకపోతే వెనక చక్రం బిగుసుకోదు. అంటే ఆపాల్సిన చక్రం మీదున్న ఆ కాస్త బరువునీ మనమే తీసేస్తున్నాం. పైగా దొర్లే టైరుకున్నంత పట్టు జారే టైరుకి ఉండదు. ఇంకోటి, పెడళ్లు అడ్డంగా వచ్చినప్పుడే కాళ్లకి బలం చిక్కుతుంది. ముందు 48 పళ్లు, వెనక 16 పళ్లు ఉన్న బండి పెడల్ ఒక చుట్టుకి 6.3 మీటర్లు పోతుంది. కాలు కుదిరే చోటు కోసం అర చుట్టు ఆగినా 3 మీటర్లు పోయినట్టే.

పళ్ల లెక్క ఎలాగూ వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. 48-16లో 48ని 16 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి, ఎప్పుడూ ఒకే కాలు ముందుపెట్టి స్కిడ్ కొట్టేవాళ్లకి టైరు మీద అదే చోటు అరిగిపోతుంది. 47-16 పెడితే ఆ అరుగుదల 16 చోట్లకి పంచుకుంటుంది. సరదాగా స్కిడ్ కొట్టేవాళ్లకి నేను ఇదే చెప్తాను.

అపోహ: ట్రాక్ రేసర్లకే బ్రేకులుండవు, మనకెందుకు?

వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల కోసం కట్టిన ట్రాక్‌లో, అందరూ ఒకే దిక్కున తిరుగుతారు. ఎదురుగా ఆటో రాదు, కుక్క అడ్డం రాదు. 2010 కామన్వెల్త్ క్రీడలకి ఢిల్లీ ఇందిరా గాంధీ స్టేడియం ఆవరణలో కట్టిన వెలోడ్రోమ్ లాంటి 250 మీటర్ల చెక్క ట్రాక్ మీద, చక్రానికి చక్రం ఆనించినంత దగ్గరగా పోతున్నప్పుడు ముందున్నవాడు ఉన్నట్టుండి బ్రేకేస్తే వెనకాల అందరూ పడతారు. అక్కడ బ్రేకు లేకపోవడమే రక్షణ.

జపాన్‌నే చూడండి. 1948లో కొకురాలో మొదలైన కెయిరిన్ అనే ట్రాక్ సైకిల్ పందేలు ఇలాంటి బ్రేకుల్లేని బండ్ల మీదే జరుగుతాయి. అదే దేశంలో రోడ్డు మీదకొస్తే రెండు చక్రాలకీ బ్రేకు ఉండాలి. కెయిరిన్ రేసర్లు కూడా రోడ్డు మీద ప్రాక్టీసుకి వెళ్లేటప్పుడు బ్రేకు బిగించుకునే వెళ్తారు.

అపోహ: పడితే నేనే పడతాను, ఎవరికేం నష్టం?

2016 ఫిబ్రవరిలో లండన్‌లో, ముందు బ్రేకు లేని ఫిక్సీ మీద వెళ్తున్న 18 ఏళ్ల కుర్రాడు రోడ్డు దాటుతున్న ఒకావిడని గుద్దాడు. ఆమె తలకి దెబ్బ తగిలి, కొద్ది రోజులకి చనిపోయింది. ఇద్దరు పిల్లల తల్లి. కోర్టు నరహత్య నేరం కొట్టేసింది గానీ, 1861 నాటి చట్టం కింద 18 నెలల శిక్ష వేసింది. బ్రిటన్‌లో 1983 నిబంధనల ప్రకారం ఫిక్సీ కాగ్‌ని వెనక బ్రేకుగా ఒప్పుకుంటారు, ముందు బ్రేకు మాత్రం తప్పనిసరి. ఆ ఒక్క బ్రేకే ఆ బండికి లేదు.

మన ఊళ్లలో సైకిల్ ఆపి బ్రేకు ఉందా అని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. రోడ్డు దాటే ముసలివాళ్లూ, బడిపిల్లలూ మాత్రం ఇక్కడా ఉన్నారు.

అపోహ: ముందు బ్రేకు వేస్తే బోల్తా కొడతాం

చిన్నప్పుడు అందరం విన్నదే. చేతులు బిగించకుండా ఒక్కసారిగా లాగితే నిజంగానే ఎగిరి పడతాం. చేతులు చాచి హ్యాండిల్‌ని ఆనుకుని, నడుము వెనక్కి జరిపి, లీవర్‌ని మెల్లగా బిగిస్తూ పోవాలి. ఖాళీ మైదానంలో ఓ గంట సాధన చేస్తే చేతికి వస్తుంది. ఇసుక ఉన్నచోట, వానకి తడిసిన తెల్ల గీతల మీద ముందు బ్రేకు గట్టిగా వాడకూడదు. అక్కడే ఫిక్సీ కాళ్ల పట్టు నిజంగా పనికొస్తుంది.

అపోహ: దిగుడులోనూ కాళ్లు చాలు

పైన చెప్పిన 48-16 బండి గంటకి 45 కిలోమీటర్ల వేగం అందుకుంటే నిమిషానికి దాదాపు 120 సార్లు కాళ్లు తిరగాలి. ఘాట్ రోడ్డు మీద అంతకంటే పెరుగుతుంది. అప్పుడు కాళ్లు బండిని నడపవు, బండే కాళ్లని తిప్పుతుంది.

అపోహ: ఫ్రీవీల్‌కి వెల్డింగ్ కొట్టిస్తే ఫిక్సీ అయిపోతుంది

ఇది చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది. అసలైన ట్రాక్ హబ్‌కి కాగ్ మీద, ఎదురు దిక్కున బిగుసుకునే ఎడమ మరతో, లాక్‌రింగ్ అనే రింగు ఉంటుంది. కాళ్లు వెనక్కి బిగబట్టినప్పుడు కాగ్ ఊడే వైపు తిరగబోతే లాక్‌రింగ్ ఇంకా బిగుసుకుంటుంది. మామూలు హబ్‌కి ఆ రెండో మర లేదు. వెల్డింగ్ కొట్టిన ఫ్రీవీల్ గట్టిగా ఆపబోయిన క్షణానే ఊడి వదులైపోతుంది, పెడళ్లు ఉత్తినే వెనక్కి తిరుగుతాయి. చైన్ పడిపోయినా అంతే. కాళ్లే బ్రేకు అనుకున్న బండికి ఆ తర్వాత ఆపే దారి ఉండదు.

అపోహ: ట్రాక్ ఫోర్కుకి బ్రేకు పట్టదు

ఫోర్కు అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల కడ్డీ. కొన్ని ట్రాక్ ఫోర్కులకి బ్రేకు బిగించే బోల్టు రంధ్రం ఉండదు, నిజమే. అలాంటప్పుడు రంధ్రం ఉన్న రోడ్డు ఫోర్కు వేయించండి. బ్రేకు కొనేముందు రిమ్ము దాకా షూ అందుతుందో లేదో కొలిచి చూసుకోండి. కార్బన్ ఫోర్కుకి మాత్రం ఎవరు చెప్పినా డ్రిల్లింగ్ చేయించకండి. రంధ్రం పడ్డచోట పొరలు తెగి, బ్రేకు పట్టినప్పుడు విరగొచ్చు.