తెలుగు పదాన్ని పైథాన్ ఎందుకు ముక్కలు చేస్తుంది?

తెలుగు వ్యాసంలో పదాలు లెక్కపెడదామని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెగెక్స్ రాస్తే లెక్క ఎక్కడికో పోతోంది, ఎందుకండీ అని ఒకరు అడిగారు. భలే ప్రశ్న! రెగెక్స్ అంటే టెక్స్ట్‌లో ఏం వెతకాలో గుర్తులతో చెప్పే నమూనా, అంతకంటే వివరంగా ఇక్కడ చెప్పను, అది ఎక్కడైనా దొరుకుతుంది.

బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న డబ్ల్యూ పెడితే పదంలో ఉండదగ్గ క్యారెక్టర్ అని కదా, దానికి ప్లస్ (ఒకటో, అంతకంటే ఎక్కువో అని) తగిలించి "తెలుగు" అన్న స్ట్రింగ్ మీద పైథాన్ ఆర్‌ఈ మాడ్యూల్‌తో ఫైండాల్ (నమూనాకి సరిపోయినవన్నీ ఏరి ఇచ్చే ఫంక్షన్) నడపండి. త, ల, గ అని మూడు ముక్కలొస్తాయి. ఎత్వం, కొమ్ములు మాయం!

కంప్యూటర్ లోపల ఈ పదం ఆరు కోడ్ పాయింట్లు, అంటే ఒక్కో గుర్తుకి ఒక్కో నంబరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ప్రపంచ లిపులకి ఆ నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్, అది హల్లులకి లెటర్ అని, గుణింతం గుర్తులకి మార్క్ అని ముద్ర వేసింది. పైథాన్ లెటర్లని, అంకెల్ని, అండర్‌స్కోర్‌నే ఒప్పుకుంటుంది, మార్క్ కనపడగానే పదం అయిపోయిందనుకుంటుంది. మార్కుల్ని కూడా కలుపుకోవాలని యూనికోడ్ రెగెక్స్ మార్గదర్శకాల్లోనే ఉంది, పెర్ల్, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలు అలాగే చేస్తాయి కాబట్టి పదం మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. జావాలో యూనికోడ్ ఫ్లాగ్ (అదనపు సెట్టింగ్) పెడితేనే అలా వస్తుంది. గో, జావాస్క్రిప్ట్‌లలో అయితే ఆ డబ్ల్యూ ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలున్న పాత జాబితా) దాటి రాదు, ఒక్క తెలుగు అక్షరం కూడా పట్టదు. 2018 నుంచి జావాస్క్రిప్ట్‌లో యూ ఫ్లాగ్ పెట్టి లెటర్, మార్క్ క్లాసులు మనమే అడిగి తీసుకోవచ్చు. మన కాలేజీల్లో రెగెక్స్ అంటే ఏ నుంచి జెడ్ దాకా అని చెప్పి ఊరుకుంటారు, సొంత భాష మీద ఒక్క ఉదాహరణ చేయించినా పిల్లలకి ఇదంతా ఎప్పుడో తెలిసేది.

రెగెక్స్‌లో ఏదో ఒక క్యారెక్టర్ అని చెప్పే చుక్క సంగతి ఇంకా బావుంటుంది. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, పైథాన్‌లో దానికి ఆరు చుక్కలు కావాలి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. 2022లో యాపిల్ వాళ్ళ ప్రోగ్రామింగ్ భాష స్విఫ్ట్ 5.7తో వచ్చిన రెగెక్స్‌లో మాత్రం చుక్క మామూలుగానే గ్రాఫీమ్ క్లస్టర్‌ని, అంటే చదివేవాళ్ళు ఒక్కటిగా చూసేదాన్ని పట్టుకుంటుంది. ఆ క్లస్టర్ రూల్ కూడా మొన్నమొన్నటిదాకా పొల్లు దగ్గర తెగేది, స్త్రీ మూడయ్యేది. 2023లో యూనికోడ్ 15.1 వచ్చాకే తెలుగు సంయుక్తాక్షరం తెగకుండా నిలిచింది.

పైథాన్‌లోనే చెయ్యాలంటే యూనికోడ్ తెలుగుకి కేటాయించిన 128 కోడ్ పాయింట్ల గళ్ళ రేంజ్ మొత్తం బ్రాకెట్లో రాయండి, దాంతోపాటు జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా చేర్చండి. కంటికి కనపడకుండా, పొల్లు తర్వాత వత్తు పడకుండా ఆపే ఆ క్యారెక్టర్ తెలుగు గళ్ళలో ఉండదు, అది లేకపోతే "సాఫ్ట్‌వేర్" మధ్యకి విరిగి రెండు పదాలవుతుంది.