వీడియో గేముల్లో క్రాఫ్టింగ్: ఇష్టం ఎక్కడ మొదలైంది, విసుగు ఎక్కడ చేరింది

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల కాలేజీ హాస్టళ్లలో వీడియో గేములు ఆడే విద్యార్థుల మధ్య ఎంతకూ తెగని వాదాల్లో క్రాఫ్టింగ్ గురించిన వాదం ఒకటి. చెట్టు నరికి, రాయి తవ్వి, తోలు సేకరించి, వాటితో కత్తో కవచమో మందో ఇల్లో తయారు చేసుకునే ఏర్పాటును ఆటల్లో క్రాఫ్టింగ్ అంటారు. కొందరికి ఆట మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే. మరికొందరు అది ఎదురైన చోటే ఆట మానేస్తారు. చూడటానికి ఇది అభిరుచుల తేడాలా కనిపిస్తుంది గానీ, దీని వెనుక పాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను వరుసగా చూస్తే, ఏం చేయాలో, ఎలా చేయాలో ఆటగాడు తేల్చుకోవలసిన పని లేకుండా పోయిన ప్రతిచోటా తయారీ విసుగుగా మారిందని నాకు స్పష్టంగా తెలుస్తోంది.

1997లో ఒరిజిన్ సిస్టమ్స్ విడుదల చేసిన అల్టిమా ఆన్‌లైన్‌కు ముందు, సాహసయాత్రల ఆటల్లో ఆయుధం కావాలంటే అంగట్లో కొనడమో, చంపిన శత్రువు దగ్గర తీసుకోవడమో తప్ప వేరే దారి చాలా తక్కువగా ఉండేది. రాఫ్ కోస్టర్ ప్రధాన రూపకర్తగా పనిచేసిన ఈ ఆటలో, కత్తి పట్టి యుద్ధానికి వెళ్లకుండా, కమ్మరిగానో దర్జీగానో వడ్రంగిగానో బతకడం వీలైంది. గనిలో ఖనిజం తవ్వి, కరిగించి, కవచం చేసి సాటి ఆటగాళ్లకు అమ్ముకునేవారికి ఆ లోకంలో పేరూ గిరాకీ రెండూ ఉండేవి. అయితే నైపుణ్యం పెరగాలంటే అదే వస్తువును మళ్లీ మళ్లీ చేయవలసి వచ్చేది. దాంతో చాలామంది మాక్రోలు, అంటే ఒకే పనిని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు పెట్టుకొని, తాము నిద్రపోతున్నా కంప్యూటరే ఆ పని చేసేలా చూసుకున్నారు. అంటే నేటి వాదంలోని రెండు పక్షాలూ ఆ ఒక్క ఆటలోనే పుట్టాయి.

2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్ కూడా కోస్టర్ నేతృత్వంలో తయారైనదే. క్రాఫ్టింగ్‌ను ఇంత లోతుగా ఆలోచించిన ఆట మరొకటి అరుదని నా అభిప్రాయం. అందులో లోహం అంటే ఒకే లోహం కాదు. ప్రతి నిక్షేపానికీ గట్టిదనం, వాహకత్వం వంటి గుణాలు వేరువేరుగా ఉండేవి. ఒక నిక్షేపం కొన్నాళ్లు ఒక గ్రహం మీద దొరికి, తర్వాత కనుమరుగయ్యేది. మంచి సరుకు ఎప్పుడు ఎక్కడ పడుతుందో కనిపెట్టి నిల్వ చేసుకున్నవాడు చేసిన తుపాకీకీ, చేతికందిన సరుకుతో చేసిన తుపాకీకీ తేడా ఉండేది. వస్తువులు వాడుకలో అరిగిపోయేవి కాబట్టి తయారీదారుకు గిరాకీ తగ్గేది కాదు. కానీ 2005 నవంబరులో నిర్వాహకులు ఆటను కొత్తవారికి సులభం చేయాలని ముప్పైకి పైగా ఉన్న వృత్తులను తొమ్మిదికి కుదించారు. పాత ఆటగాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లిపోయారు. 2011 డిసెంబరులో ఆట మూతపడింది.

ఆ తర్వాతి ఆటలకు నమూనా అయింది మాత్రం 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అందులో రెసిపీ, అంటే ఏ వస్తువుకు ఏ సరుకు ఎంత కావాలన్న వివరం తెలిసి, సరుకు సరిపడా ఉంటే, మీట నొక్కగానే వస్తువు తయారవుతుంది. అప్పట్లో ఒకరు చేసిన కవచానికీ మరొకరు చేసిన అదే కవచానికీ తేడా ఉండేది కాదు. సరుకు లెక్క తప్ప ఆలోచించవలసింది పెద్దగా మిగలలేదు. ఇది నేర్చుకోవడానికి తేలిక, నడపడానికీ తేలిక కాబట్టి త్వరగా వ్యాపించింది.

మైన్‌క్రాఫ్ట్ ఈ కథను మరో మలుపు తిప్పింది. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో ప్రజల ముందుంచిన ఈ ఆటలోకి క్రాఫ్టింగ్ 2010 ఆరంభంలో చేరింది. మూడు వరసలు, మూడు నిలువులు ఉన్న గళ్లలో సరుకును వస్తువు ఆకారం స్ఫురించేలా పేర్చాలి: రెండు కర్రల మీద మూడు రాళ్లు అడ్డంగా పెడితే గునపం అవుతుంది. ఏది ఎలా చేయాలో ఆట చెప్పేది కాదు. స్నేహితుల దగ్గరో ఇంటర్నెట్‌లోనో తెలుసుకోవాలి, లేదా తానే పేర్చి చూడాలి. ఆటలోనే రెసిపీల పుస్తకం 2017లో గానీ రాలేదు. 2023 నాటికి ముప్పై కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన ఆట అది. తొలినాళ్లలోనే దానికి దక్కిన ఆదరణ చూశాక, క్రాఫ్టింగ్‌తో ఏ సంబంధమూ లేని ఆటలు కూడా దాన్ని తెచ్చిపెట్టుకున్నాయి. 2012 నాటి ఫార్ క్రై 3లో ఎక్కువ డబ్బు దాచుకునే సంచి కావాలన్నా జంతువును వేటాడి తోలు తేవాలి. 2011 నాటి స్కైరిమ్‌లో ఏ వస్తువు చేసినా నైపుణ్యం దాదాపు ఒకేలా పెరగడంతో, ఆటగాళ్లు అతి చవకైన ఇనుప బాకులను వందల సంఖ్యలో చేస్తూ పోయారు; మరుసటి ఏడాది వచ్చిన మార్పుతో వస్తువు విలువను బట్టి నైపుణ్యం పెరిగేలా సవరించవలసి వచ్చింది. ఆ బాకులు ఎవరికీ అక్కర్లేదన్న సంగతి చేసేవారికీ తెలుసు.

చేతిపనిలో ఏది శ్రమో ఏది కళో ఉమ్మడి నల్లగొండ జిల్లా వారికి వేరే చెప్పనక్కర్లేదు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం నేతలో రంగు అద్దడానికి ముందు ఆసు పోయాలి: అర్ధచంద్రాకారపు చట్రానికి ఉన్న కొయ్యల చుట్టూ దారాన్ని తిప్పుతూ, ఒక చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చేతిని అటూ ఇటూ ఆడించాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఈ పనితో భుజాల నొప్పి పడుతున్న తల్లి లక్ష్మిని చూసి 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చినంత మాత్రాన నేతన్న చేతిలోని కళ పోలేదు. ఏ దారాల్ని ఎక్కడ కట్టాలి, ఏ రంగు ముందు ముంచాలి అన్న నిర్ణయాలు మనిషివే. క్రాఫ్టింగ్‌ను సరిదిద్దిన మంచి ఆటలు చేసింది కూడా ఇలాంటి పనే.

2015 నాటి ది విచర్ 3లో మందును ఒక్కసారి తయారు చేస్తే చాలు. తర్వాత ధ్యానంలో కూర్చున్నప్పుడు సీసాలు మళ్లీ నిండుతాయి. మూలికల కోసం పదే పదే తిరిగే పని తగ్గింది, ఏ శత్రువుకు ఏ మందన్న ఆలోచన మిగిలింది. 2013 నాటి ది లాస్ట్ ఆఫ్ అస్ మరింత తెగించింది. అందులో నిప్పు సీసాకూ గాయాలకు కట్టే కట్టుకూ కావలసింది అవే గుడ్డ, అవే ఆల్కహాల్. పైగా తయారు చేస్తున్నంతసేపూ ఆట ఆగదు, శత్రువు దగ్గరికి వస్తూనే ఉంటాడు. రెసిపీలు చాలా కొద్ది, అయినా ప్రతి తయారీ ఒక తెగింపే. ప్రాగ్ నగరంలో తయారై 2020లో పూర్తి రూపంలో విడుదలైన ఫ్యాక్టోరియోలో ఆటగాడు మొదట చేత్తో చేసిన పనినే యంత్రాలకు అప్పగిస్తూ పోతాడు. యంత్రాలను ఎలా అమర్చాలన్నదే అక్కడ అసలు ఆట.

ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం అందరికీ విసుగు కాదన్న మాట కూడా నిజమే. 2001లో మొదలైన రూన్‌స్కేప్‌లో ఒక నైపుణ్యాన్ని 99వ లెవెల్‌కు చేర్చడానికి కోటి ముప్పై లక్షలకు పైగా అనుభవ పాయింట్లు కావాలి. పాటలు వింటూ, మిత్రులతో ముచ్చటిస్తూ తీరిగ్గా చేపలు పట్టి ఆ లెక్క పూర్తి చేసేవారు ఎందరో ఉన్నారు. వారు ఆ పనిని కోరి ఎంచుకున్నవారు. కథ ముందుకు సాగాలంటే తప్పదని అదే పనిని అందరి మీదా రుద్దినప్పుడు ఆ ప్రశాంతత ఉండదు.

ఫేస్‌బుక్, మొబైల్ ఆటలు వచ్చాక విసుగుకు ధర కూడా ఏర్పడింది. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఫార్మ్‌విల్, 2012 నాటి మొబైల్ ఆట క్లాష్ ఆఫ్ క్లాన్స్ వంటివి తయారీని నిరీక్షణగా మార్చాయి: పంటకో ఫిరంగికో ఇన్ని గంటలు పడుతుందని గడియారం చూపిస్తారు, ఆగలేనివారికి డబ్బుతో కొనే రత్నాల వంటివి చూపిస్తారు. నిరీక్షణ ఎంత దుర్భరమైతే రత్నాలు అంత అమ్ముడవుతాయి కాబట్టి, దాన్ని తగ్గించాల్సిన అవసరం తయారీదారుకు లేదు. ఇంట్లో కంప్యూటర్ లేక ఫోన్‌లోనే ఆడే విద్యార్థి ఎరిగిన క్రాఫ్టింగ్ తరచుగా ఇదే. అతడు విసుగన్నప్పుడు ఈ గడియారాల గురించి అంటున్నాడు, పక్క గదిలో మైన్‌క్రాఫ్ట్ ఆడేవాడు ఇష్టమన్నప్పుడు తాను పేర్చుకున్న గళ్ల గురించి అంటున్నాడు.