ఎలుకల్లో గెలిచి ఐసీయూలో ఓడిన మందులు

ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకిందని, బీపీ పడిపోతోందని, కిడ్నీలు పనిచేయడం లేదని ఐసీయూ బయట నిలబడ్డ ఇంటివాళ్లకు డాక్టరు చెబుతుంటారు. ఆ మాటలన్నిటి వెనకా చాలాసార్లు ఉండేది సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే క్రమంలో శరీరం తన అవయవాలనే దెబ్బతీసుకోవడం. 2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.89 కోట్ల మందికి ఇది వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా. ఇంత పెద్ద జబ్బుకి ఇవాళ్టికీ ఉన్న వైద్యం యాంటీబయాటిక్స్, సెలైన్, బీపీని నిలబెట్టే మందులు, ఆక్సిజన్, అవసరమైతే చీము తీసే ఆపరేషన్. షాక్‌లోకి వెళ్లినవాళ్లకు స్టెరాయిడ్ కూడా ఇస్తారు. కానీ ఇన్ఫెక్షన్ మీద శరీరం అదుపు తప్పి చేసే యుద్ధాన్ని సరిగ్గా పట్టి ఆపే మందు లేదు. ఎలుకల్లో మాత్రం అలాంటి మందులు ఎన్నో పనిచేశాయి. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే నూట ముప్ఫై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1892లో బెర్లిన్‌లో, రాబర్ట్ కాక్ దగ్గర పనిచేస్తున్న రిచర్డ్ ఫైఫర్ కలరా బ్యాక్టీరియాను వేడితో చంపి గినీ పందులకు ఎక్కించాడు. చచ్చిన బ్యాక్టీరియా కూడా వాటి ప్రాణం తీసింది. బ్యాక్టీరియా ఒంట్లోనే ఉండే ఆ విషానికి ఎండోటాక్సిన్ అని పేరొచ్చింది. తర్వాతి కాలంలో సెప్సిస్ మీద ప్రయోగమంటే ఎక్కువగా జంతువుకు ఎండోటాక్సిన్ ఎక్కించడమే అయింది. సులువు, చవక, ఫలితం గంటల్లో తేలిపోతుంది.

1985లో బ్రూస్ బ్యూట్లర్, ఆంథొనీ సెరామీ బృందం ఒంట్లో వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ముందే ఇస్తే, ప్రాణాంతకమైన ఎండోటాక్సిన్ నుంచి ఎలుకలు బతుకుతాయని చూపించింది. రెండేళ్లకు కెవిన్ ట్రేసీ, సహచరులు బాబూన్ కోతుల్లో ఇంకా కష్టమైన పరీక్ష పెట్టారు. ఈ.కోలై బ్యాక్టీరియా ఎక్కించడానికి రెండు గంటల ముందు యాంటీబాడీ ఇస్తే పూర్తి రక్షణ దొరికింది. ఒక్క గంట ముందు ఇస్తే షాక్ ఆగింది గానీ అవయవాలు దెబ్బతినడం ఆగలేదు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది. ఇన్ఫెక్షన్ రాకముందే ఏ రోగి ఆసుపత్రికి వస్తాడు? మన దగ్గరికి వచ్చేసరికే రెండు మూడు రోజుల జ్వరం ఉంటుంది.

అయినా ఆ ఉత్సాహంలో ట్రయల్స్ వరుస కట్టాయి. ఎండోటాక్సిన్‌ను పట్టేస్తుందన్న సెంటాక్సిన్‌ను 1993లో ఆపేశారు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఒక మందు 1996 నాటి ట్రయల్‌లో డోసు పెంచినకొద్దీ మరణాలు పెరిగే దారి పట్టింది. విచిత్రం ఏమిటంటే అదే మందు, ఎటానెర్సెప్ట్, రెండేళ్ల తర్వాత రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి ఆమోదం పొంది ఎందరి కీళ్లకో ఊరటనిచ్చింది. 2001లో ఆమోదం పొందిన జిగ్రిస్ అనే సెప్సిస్ మందు మాత్రం పదేళ్లు ఐసీయూల్లో నిలిచింది. దాన్నీ 2011లో మళ్లీ చేసిన ట్రయల్‌లో ప్రయోజనం కనిపించక కంపెనీయే వెనక్కి తీసుకుంది.

ఎండోటాక్సిన్ ఒక్కటే సెప్సిస్ కాదని చాలామందికి ముందే తెలుసు. అందుకే 1970ల చివర్లో ఇర్షాద్ చౌదరి, ఆర్థర్ బౌ బృందం వేరే పద్ధతి తెచ్చింది. ఎలుకకు మత్తిచ్చి, పొట్ట తెరిచి, పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలాంటి భాగాన్ని దారంతో కడతారు. సూదితో పొడిచి, కొద్దిగా మలం బయటికొచ్చేలా మెల్లగా నొక్కి, లోపల పెట్టి కుట్టేస్తారు. చర్మం కింద సెలైన్ ఇస్తారు. కొన్ని గంటలకు ఎలుక కదలకుండా ముడుచుకుంటుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది. అపెండిక్స్ పగిలిన మనిషి పరిస్థితికి ఇది చాలా దగ్గర. అయితే దారం ఎక్కడ కట్టారు, సూది ఎంత లావుంది అన్నదాన్నిబట్టి ఎన్ని ఎలుకలు బతికేదీ మారిపోతుంది. ఒక ల్యాబ్ ఫలితం ఇంకో ల్యాబ్‌లో రాకపోవడానికి అదొక కారణం.

ఇక ఎలుకకీ మనిషికీ ఉన్న తేడా. కిలో బరువుకి కొన్ని నానోగ్రాముల ఎండోటాక్సిన్ చాలు, మనిషికి జ్వరం, వణుకు మొదలవుతాయి. ఎలుకను చంపాలంటే మిల్లీగ్రాముల్లో ఎక్కించాలి. ఒక మిల్లీగ్రామంటే పది లక్షల నానోగ్రాములు! 2013లో అమెరికా పరిశోధకులు గాయాలు, కాలిన గాయాలు, ఎండోటాక్సిన్ పడినప్పుడు మనిషి జన్యువులు స్పందించే తీరుకీ ఎలుకల తీరుకీ పోలిక చాలా తక్కువని ప్రకటించారు. ఎలుకల పరిశోధన మొత్తం వృథా అన్నంత గొడవ జరిగింది. మరుసటి ఏడాదే జపాన్ శాస్త్రవేత్తలు ఇద్దరు అదే డేటాను వేరేగా లెక్కగట్టి, పోలిక బాగానే ఉందన్నారు. నాకైతే ఆ గొడవకన్నా 2016లో మిన్నెసోటా బృందం చూపించిన విషయం ముఖ్యం. శుభ్రమైన బోనుల్లో పెరిగిన ల్యాబ్ ఎలుకల రోగనిరోధక కణాలు అప్పుడే పుట్టిన మనిషి బిడ్డవాటిలా ఉన్నాయి. పెట్ షాపుల్లో రకరకాల క్రిములు తగిలి పెరిగిన ఎలుకలవి పెద్దవాళ్లవాటికి దగ్గరగా ఉన్నాయి. అంటే మనం ఇన్నేళ్లూ పడుచు వయసులో ఉన్న, ఏ జబ్బూ ఎరగని ఎలుకను అడిగి, షుగరున్న అరవై ఏళ్ల మనిషికి మందు రాశాం.

అలాగని ఎలుకలను తీసిపారేయలేం. ఎండోటాక్సిన్‌కు లొంగని ఒక ఎలుక జాతిని పట్టుకునే బ్యూట్లర్ 1998లో, శరీరం ఎండోటాక్సిన్‌ను పసిగట్టడానికి కావలసిన టీఎల్ఆర్4 జన్యువును గుర్తించాడు, 2011లో నోబెల్ పంచుకున్నాడు. ఒంట్లో ఏ తలుపు ఎక్కడుందో ఎలుక సరిగ్గానే చూపించింది. ఆ తలుపు మూసే మందు ఎరిటోరాన్ కూడా 2013 ట్రయల్‌లో రోగులను కాపాడలేకపోవడం వేరే సంగతి.

2017లో వియన్నాలో కూర్చున్న నిపుణులు ప్రయోగాలకు కొన్ని కనీస ప్రమాణాలు రాసుకున్నారు. ఐసీయూలో ఇచ్చినట్టే జంతువుకూ యాంటీబయాటిక్స్, సెలైన్ ఇవ్వాలి, నొప్పి తగ్గించే మందు ఇవ్వాలి, చావు దాకా ఆగకుండా ఫలానా దశలో ప్రయోగం ముగించాలని ముందే తేల్చుకోవాలి. నొప్పి మందు విషయం ఇంత ఆలస్యంగా రాసుకోవాల్సి రావడం బాధగానే ఉంటుంది.

మనకూ ఇందులో పనుంది. ల్యాబ్ జంతువుల పెంపకంలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థది పాత అనుభవం. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెద్ద జంతు పరిశోధన కేంద్రం కట్టింది. ఢిల్లీ ఆసుపత్రుల్లో పుట్టిన పసికందుల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో సెప్సిస్‌కు ఎక్కువగా కారణమైనవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, అందులోనూ మందులకు లొంగనివి. ఇక్కడి వార్డుల్లో దొరికే ఆ బ్యాక్టీరియాతో, ముసలివీ షుగరున్నవీ పసివీ అయిన జంతువుల్లో, జబ్బు ముదిరాక మందు ఇచ్చి చూసే ప్రయోగాలు ఇక్కడే మొదలవ్వాలి.