చుక్కల కుందేలు ఈతలో సగమే చుక్కలవి

ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆదివారం సంతలో తెలుపు మీద నల్లచుక్కలున్న కుందేళ్ల జత కొన్నారట. మొదటి ఈతలో ఎనిమిది పిల్లలు పుట్టాయి. నాలుగు తల్లిదండ్రుల్లాగే చుక్కలవి. మూడు అచ్చ నలుపు. ఒకటి మాత్రం మూతి మీద, చెవుల మీద కాస్త మచ్చ తప్ప ఒళ్లంతా తెలుపే. "అమ్మినవాడు కల్తీ జాతి అంటగట్టాడా? లేక చూలుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టింది, దాని ప్రభావమా?" అని ఆమె ప్రశ్న.

రెండూ కాదు. షోలలో కప్పులు గెలిచిన మేలుజాతి చుక్కల జతను తెచ్చి కట్టించినా ఇలాగే పుడతాయి. నన్నడిగితే కుందేళ్ల పెంపకం మొత్తంలో ఇంతకంటే ఆసక్తికరమైన సంగతి లేదు.

ఆ చుక్కల జాతి పేరు ఇంగ్లిష్ స్పాట్. పుట్టిల్లు ఇంగ్లండ్. అమెరికాలో 1910లో మొదలైన కుందేళ్ల పెంపకందార్ల సంఘం ప్రతి జాతికీ ఒక కొలబద్ద రాసి పెట్టింది. జడ్జి ఆ కొలబద్ద ప్రకారం నూటికి మార్కులు వేస్తాడు. ఇంగ్లిష్ స్పాట్ ముక్కు మీద సీతాకోకచిలుక ఆకారంలో మచ్చ ఉండాలి. కంటి చుట్టూ వలయం, చెంప మీద ఒక చుక్క, చెవులు పూర్తిగా రంగు. వెన్ను మీద చెవుల మొదలు నుంచి తోక దాకా ఎక్కడా తెగని చార. మెడ దగ్గర సన్నగా మొదలై నడుము వైపు పెద్దవవుతూ రెండు పక్కలా చుక్కల వరస. మిగతా ఒళ్లంతా తెలుపు. బరువు 2.3 నుంచి 3.6 కిలోల మధ్య. ఒంటి వంపు తెలిసేలా బల్ల మీద పరిగెత్తించి మరీ చూస్తారు.  

మనకు కావలసింది ఒకే ఒక్క జన్యువు. ప్రతి కుందేలుకూ దాని ప్రతులు రెండు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ మామూలువైతే ఒళ్లంతా రంగు, దీన్ని సెల్ఫ్ అంటారు. ఒకటి మామూలుది, ఒకటి చుక్కలదైతే షోకు పనికొచ్చే చుక్కలు వస్తాయి. రెండూ చుక్కలవైతే దాదాపు తెల్ల కుందేలు. మూతి కింద చిన్న మచ్చ చార్లీ చాప్లిన్ మీసంలా కనిపిస్తుందని దీనికి చార్లీ అని పేరు. అంటే చుక్కల కుందేలు ఎప్పుడూ మిశ్రమమే. రెండు మిశ్రమాలు కలిస్తే సగటున నాలుగింట ఒకటి చార్లీ, రెండు చుక్కలవి, ఒకటి సెల్ఫ్. ఎనిమిది పిల్లల్లో రెండు, నాలుగు, రెండు రావాలి. ఖమ్మంలో ఒకటి, నాలుగు, మూడు వచ్చాయి. చిన్న లెక్కలో ఆ మాత్రం తేడా సహజం.

స్కూల్లో మెండెల్ బఠానీల మూడుకొకటి నిష్పత్తి మీదే ఏళ్ల తరబడి నిలిచిపోతాం. పిల్లలు అదే అన్నిటికీ వర్తించే నియమం అనుకుని బట్టీ పడతారు. పెరట్లోని చంద్రకాంత మొక్కతో మొదలుపెడితే ఎంత బాగుండేది! ఎరుపు, తెలుపు పూల మొక్కలను కలిపితే గులాబీరంగు వస్తుంది. గులాబీరంగు మొక్కలు రెండింటిని కలిపితే మళ్లీ మూడు రంగులూ బయటపడతాయి. గులాబీరంగును స్థిరపరచాలని వందేళ్లు ప్రయత్నించినా కుదరదు. ఇంగ్లిష్ స్పాట్ కొలబద్ద కోరుతున్నది సరిగ్గా ఆ గులాబీరంగునే.

అయితే చుక్కలు ఎలా పడతాయి? సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. పిండంలో రంగు కణాలు పుట్టేది వెన్ను గీత దగ్గర. అక్కడి నుంచి రెండు పక్కలా కిందికి, పొట్ట వైపు, కాళ్ల వైపు చర్మంలో పాకుతూ పోతాయి. వెన్ను కాలువ గట్టు అనుకోండి. పొట్ట, పాదాలు చివరి ఆయకట్టు. నీళ్లు నిండుగా వదిలితే చివరి మడి దాకా తడుస్తుంది, అది సెల్ఫ్. సగం వదిలితే గట్టు పక్క పొలాలు తడిసి, మధ్యలో అక్కడక్కడా మడుగులు కట్టి, చివర ఎండిపోతుంది. తెగని వెన్ను చార, పక్కల చుక్కలు, తెల్ల పొట్ట అలా వచ్చినవే. తూము దాదాపు మూసేస్తే చార్లీ. తలకు వేరే పిల్లకాలువలున్నాయి, అందుకే చెవులకూ కళ్లకూ ముక్కుకూ విడిగా రంగు అందుతుంది. నీళ్లతో పోలికలో ఒక లోటుంది. నీళ్లు దారిలో పెరగవు, ఈ కణాలు పాకుతూనే విభజన చెంది సంఖ్య పెంచుకుంటాయి. 2016లో బ్రిటన్ పరిశోధకులు ఎలుక పిండాల్లో చూసినప్పుడు, మచ్చల ఎలుకల్లో తగ్గింది కణాల నడక కాదు, విభజన అని తేలింది.

ఇక్కడ కాస్త శాస్త్రం పేర్లు తప్పవు. తూము పేరు కిట్. కణం పైపొరలో అటూ ఇటూ పొడుచుకుని ఉండే గ్రాహక ప్రోటీన్ అది. బయట స్టెమ్ సెల్ ఫ్యాక్టర్ అనే సంకేత అణువు వచ్చి తగులుకుంటే రెండు కిట్ అణువులు జతకడతాయి. లోపలి కొసలు ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుని, బతుకు, విభజించు అనే ఆదేశాన్ని కణ కేంద్రకం దాకా పంపుతాయి. కిట్ తక్కువైతే రంగు కణాలు దారిలోనే తగ్గిపోతాయి.

మనుషుల్లో కూడా కిట్ జన్యువు ఒక ప్రతి దెబ్బతింటే నుదుటి దగ్గర తెల్ల జుట్టు పాయ, ఒంటి మీద తెల్ల మచ్చలు పుట్టుకతోనే వస్తాయి. అది బొల్లి కాదు, కుష్ఠు అంతకన్నా కాదు, అంటదు, పాకదు. అయినా పెళ్లి సంబంధాలు తప్పిపోతుంటాయి, తల్లి గ్రహణం వేళ కదిలిందని నింద వేస్తుంటారు. తల్లి మీద వేసే ఆ నింద వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

తూము ఒకటే గానీ దాని కింద కాలువలు ఒకటికి మించి ఉన్నాయి. ఒకటి చర్మానికి, ఇంకొకటి పేగుకు. పేగు గోడలో లయ తప్పకుండా కదలిక నడిపించే కాహాల్ కణాలున్నాయి, వాటికీ కిట్ కావాలి. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో చెకర్డ్ జెయింట్ అనే పెద్ద చుక్కల జాతిని పరిశీలించారు. చుక్కల లక్షణం కిట్ జన్యువుతో కలిసే తరాలు దాటుతోందని, దాదాపు తెల్లగా ఉన్నవాటిలో కిట్ తయారీ తగ్గిందని, పేగులోని కాహాల్ కణాల్లోనూ తేడా ఉందని గమనించారు. పెద్దపేగు ఉబ్బిపోయి, పెంటికలు పెద్దవిగా వంకరటింకరగా వచ్చి, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోయి ఈ చార్లీ కుందేళ్లు బాధపడతాయి. పిల్లలకు బాధ తప్పదని తెలిసీ జత కట్టడాన్ని జర్మనీ జంతు సంరక్షణ చట్టం 11బి సెక్షన్ నిషేధిస్తుంది. చుక్కల దాన్ని చుక్కల దానితో కట్టించడం మీద అక్కడ వాదన నడిచేది అందుకే.

మరి దారి? చార్లీని సెల్ఫ్‌తో కలిపితే పిల్లలన్నీ చుక్కలవే, నూటికి నూరు. లెక్కకు ఇంపుగా ఉంది గానీ జబ్బు కుందేలును ఈతకు పెట్టుకోవాలి. నాకు సమ్మతం కాదు. చుక్కల దాన్ని సెల్ఫ్‌తో కలిపితే సగం చుక్కలు, సగం సెల్ఫ్, చార్లీ ఒక్కటీ రాదు. అంటే ఈ జాతి నిలవాలంటే షోలో నిలబెట్టడానికి పనికిరాని నల్ల కుందేలు దొడ్లో ఉండి తీరాలి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మడుగులు ఎక్కడ కట్టాలో తేల్చేది తూము ఒక్కటే కాదు, పొలంలోని గట్లు, పిల్లకాలువలు కూడా. చార తెగకపోవడం, చుక్కలు విడివిడిగా ఉండడం తలా కొంచెం ప్రభావం చూపే అనేక జన్యువుల ఉమ్మడి పని. సెల్ఫ్‌లోనూ ఆ గట్లన్నీ ఉన్నాయి, కానీ పొలమంతా నీట మునిగి ఉంది కాబట్టి ఏ గట్టూ కనబడదు. మంచి చారనిచ్చే సెల్ఫ్ ఏదో ఎలా కనిపెట్టాలి? ముర్రా దున్నపోతు పాలివ్వదు కదా, దాని కూతుళ్లు ఎన్ని లీటర్లిస్తున్నాయో చూసి తండ్రిని ఎంచుతారు. సెల్ఫ్‌కూ అంతే. దాని అక్కచెల్లెళ్లను, అన్నదమ్ములను, ఆపై దాని పిల్లలను చూసి విలువ కట్టాలి. చూలు 31 రోజులే కాబట్టి పెంపకందారుకు త్వరగానే ఆధారం దొరుకుతుంది. వెంట్రుకలు రాకముందే చర్మం మీద మచ్చలు తెలుస్తాయి.

ఈ గట్ల సంగతిని తేల్చినవాళ్లలో హార్వర్డ్ శాస్త్రవేత్త విలియం కాసిల్ ఒకడు. తల, భుజాలు నల్లగా ఉండే ఎలుకలను ఒక గుంపులో నలుపు పెరిగేలా, ఇంకో గుంపులో తగ్గేలా తరతరాలు ఎంచాడు. మచ్చల జన్యువే మారిపోతోందని మొదట గట్టిగా వాదించాడు. తర్వాత ఆ గుంపులను అడవి ఎలుకలతో కలిపి చూస్తే, తిరిగి వచ్చిన మచ్చల ఎలుకల్లో తేడా తగ్గసాగింది. మారింది అసలు జన్యువు కాదు, చుట్టూ ఉన్నవి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆయన భీష్మించలేదు. 1919లో తన పొరపాటు ఒప్పుకుంటూ స్వయంగా వ్యాసం ప్రచురించాడు. ఆ వ్యాసమంటే నాకు చాలా గౌరవం.

నెదర్లాండ్ డ్వార్ఫ్ అనే మరుగుజ్జు జాతిదీ ఇదే కథ, ఇంకా కఠినంగా. మరుగుజ్జు ప్రతి ఒకటుంటే కిలో చిల్లర బరువుతో ముద్దొచ్చే బొమ్మ. రెండుంటే పుట్టిన కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

ఖమ్మం పాఠకురాలికి నేను చెప్పేది ఇది. మీ జతను మళ్లీ కట్టించకండి. వేరే చోట నుంచి, చుట్టరికం లేని సెల్ఫ్ మగదాన్ని తెచ్చి మీ చుక్కల ఆడదానికి కట్టించండి. ఆ తెల్ల పిల్లను ఎవరికీ ఈతకు ఇవ్వకండి. దానికి ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచి, రోజూ పొద్దున్నే పెంటికలు చూడండి. మేత ముట్టకుండా, పెంటికలు వేయకుండా ఒక పూట గడిస్తే ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.