బాప్తిస్మానికి సిద్ధపడుతున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

మీ తాత వందనాలు. వచ్చే నెలలో మీలో కొందరు బాప్తిస్మం తీసుకుంటున్నారని మన పాస్టర్ అయ్యగారు చెప్పారు. చాలా సంతోషం. తరగతుల్లో మీకు వాక్యం నేర్పుతారు, సంఘం ముందు సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పుతారు. మన చర్చి బోర్డు మీదున్న "మెన్నోనైట్ బ్రదరెన్" వెనక ఉన్న చరిత్ర చెప్పేంత టైం మాత్రం వాళ్లకు దొరకదు. అందుకే ఈ ఉత్తరం. ఈ సంఘాన్ని దొరలు, అంటే విదేశీ మిషనరీలు, పెట్టారని ఊళ్లో అంటారు, మనమూ అంటాం. ఆ దొరలను ఏ దేశం తరిమింది, ఏ నమ్మకం కోసం వాళ్లు ఇన్ని దేశాలు తిరిగారు అన్నది తెలిశాక, మీరు తీసుకోబోయే బాప్తిస్మాన్ని వేరే కళ్లతో చూస్తారని నా ఆశ.

1525 జనవరి 21. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరం. ఆ కాలంలో అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ బాప్తిస్మం ఇచ్చి తీరాలి. చర్చి, ప్రభుత్వం ఒకటిగా ఉండేవి కాబట్టి అది మతానికి సంబంధించిన పని మాత్రమే కాదు, చట్టం కూడా. కొందరు యువకులు బైబిలు చదివి, విశ్వాసం అంటే ఏమిటో తెలియని పసిబిడ్డకు బాప్తిస్మం ఎలా ఇస్తారని అడిగారు. ఎనిమిది రోజుల్లో బిడ్డలకు బాప్తిస్మం ఇప్పించకపోతే ఊరు విడిచి పొండి అని నగర సభ ఆజ్ఞ వేసింది. ఆ ఆజ్ఞ వచ్చిన మూడో రోజు వాళ్లు ఫీలిక్స్ మాంజ్ ఇంట్లో కూడారు. ప్రార్థన చేశాక జార్జ్ బ్లౌరాక్ అనే ఆయన లేచి, నాకు బాప్తిస్మం ఇవ్వమని కాన్రాడ్ గ్రెబెల్‌ను అడిగాడు. గ్రెబెల్ ఇచ్చాడు. తర్వాత బ్లౌరాక్ మిగిలినవాళ్లకు ఇచ్చాడు. జరిగింది అంతే. మన సంఘాల చరిత్ర అక్కడ మొదలవుతుంది.

రెండేళ్లు తిరగకుండానే, 1527 జనవరి 5న, ఫీలిక్స్ మాంజ్‌ను చేతులు కట్టేసి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. ఒడ్డున నిలబడ్డ అతని తల్లి, సోదరుడు కన్నీళ్లు పెట్టుకుంటూనే, విశ్వాసం వదలొద్దని అతన్ని ధైర్యపరిచారట. ఈ సంగతి రాసిపెట్టింది అతని వైపు మనిషి కాదు, అవతలి పక్షానికి చెందిన పెద్ద. ఆ తల్లి గురించి చదివిన ప్రతిసారీ కాసేపు పుస్తకం పక్కన పెట్టేస్తాను.

మాంజ్ చనిపోయిన మరుసటి నెలలో ష్లైట్‌హైమ్ అనే ఊళ్లో ఈ విశ్వాసులు రహస్యంగా కూడి ఏడు విషయాల మీద ఒక మాటకు వచ్చారు. వాటిలో ఒకటి, క్రీస్తును వెంబడించేవాళ్లు కత్తి పట్టకూడదని. ఆ కూటమిని నడిపించిన మైఖేల్ సాట్లర్‌ను ఆ మే నెలలోనే మంటల్లో కాల్చి చంపారు. కొద్ది రోజులకు అతని భార్య మార్గరెతాను నీళ్లలో ముంచేశారు.

అయితే అందరూ కత్తి వదల్లేదు. 1534లో ఇదే బాప్తిస్మం తీసుకున్న కొందరు జర్మనీలోని మ్యున్‌స్టర్ పట్టణాన్ని ఆక్రమించి, దేవుని రాజ్యం వచ్చిందంటూ బలవంతంగా పాలించారు. ఏడాది తర్వాత అది ఘోరమైన రక్తపాతంతో ముగిసింది. మన చరిత్రలో ఇది సిగ్గుపడాల్సిన భాగం, దాచకూడని భాగం కూడా. ఆ కాలంలోనే నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్లాండ్‌లో మెన్నో సైమన్స్ అనే కథోలిక ఫాదర్ ఉండేవాడు. పసిపిల్లల బాప్తిస్మం మీద ఆయనకు చాలాకాలంగా అనుమానం, కానీ ఉద్యోగం వదలడానికి భయం. దగ్గర్లోని ఒక మఠంలో ఆయుధాలు పట్టి కూర్చున్న విశ్వాసులను 1535లో చంపేసినప్పుడు, దారి చూపే కాపరి లేక వీళ్లిలా పోయారే అని ఆయన మనసు విరిగిపోయింది. 1536లో అన్నీ వదిలి వచ్చేశాడు. చెదిరిపోయినవాళ్లను పోగుచేసి, కత్తి లేని మార్గంలో నడిపించాడు. 1542లో చక్రవర్తి ఆయన తలకు 100 బంగారు నాణేల వెల కట్టాడు. భార్యాబిడ్డలతో ఊరూరా దాక్కుంటూ పాతికేళ్లు సంఘాలను నడిపి, 1561లో కన్నుమూశాడు. మెన్నోనైట్లంటే ఆయన మనుషులని లోకం పెట్టిన పేరు.

ఒక్క మనిషి గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌లో డిర్క్ విల్లెమ్స్ జైలు నుంచి గుడ్డపేలికల తాడుతో దిగి పారిపోయాడు. జైలు తిండితో బక్కచిక్కి ఉన్నాడు కాబట్టి గడ్డకట్టిన చెరువు మీదుగా దాటగలిగాడు. వెంటపడిన భటుడి బరువుకు మంచు విరిగి అతను నీళ్లలో పడిపోయాడు. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని పైకి లాగాడు. బతికి బయటపడ్డ భటుడు వదిలేద్దామనుకున్నా, అధికారి ఒప్పుకోలేదు. డిర్క్‌ను పట్టుకుని మే 16న మంటల్లో కాల్చి చంపారు. ఇది విని, అలా చేయడం తెలివైన పనేనా తాతా అని మీరు అడగొచ్చు. ఆ ప్రశ్న నాలుగు వందల యాభై ఏళ్లుగా మనవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆ క్షణంలో ఆలోచించుకునే టైం అతనికి లేదు, చేయి దానంతట అదే చాచుకుంది. చిన్నప్పటి నుంచి అలవాటైన విశ్వాసం అలా ఉంటుందని నేను నమ్ముతాను.

తర్వాతి కథ అంతా వలసలే. పోలండ్‌లో విస్తులా నది ముఖద్వారం దగ్గర చిత్తడి నేలలను ఎండగట్టి పొలాలు చేసుకుని రెండు వందల ఏళ్లకు పైగా బతికారు. సైన్యంలో చేరరు కాబట్టి అక్కడి పాలకులు వాళ్లను భూములు కొననివ్వకుండా కట్టడి చేశారు. సైన్యంలో చేరమని బలవంతం చేయనని రష్యా రాణి కేథరిన్ మాట ఇస్తే, 1789 నుంచి ఇప్పటి ఉక్రెయిన్‌లో ఖోర్టిట్సా దగ్గర, 1804 నుంచి మొలోచ్నా నది దగ్గర ఊళ్లు కట్టుకున్నారు. పొలాలు పండాయి, డబ్బు వచ్చింది, భక్తి చల్లారింది. 1860 జనవరిలో మొలోచ్నా ప్రాంతంలో 18 మంది కుటుంబ పెద్దలు ఒక పత్రం మీద సంతకం చేసి విడిగా సంఘం కట్టుకున్నారు. మెన్నోనైట్ బ్రదరెన్ పుట్టింది అప్పుడే. జ్యూరిక్‌లో తొలి విశ్వాసులు తల మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చుకున్నారు. నీళ్లలో ముంచి ఇచ్చే పద్ధతి మనకు ఈ 1860 నాటి వాళ్ల నుంచి వచ్చింది.

1870ల్లో రష్యా ఇచ్చిన మాట తప్పి, అందరూ సైన్యంలో చేరాలని చట్టం తెచ్చింది. దాదాపు 18,000 మంది అమెరికాకు, కెనడాకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు సైన్యం బదులు అడవుల్లో మొక్కలు నాటే సేవ ఇచ్చారు. అలా ఒకే జనం రెండు ఖండాల్లో చీలిపోయింది. మన దగ్గరికి ఆ రెండు వైపుల నుంచీ వచ్చారు.

ముందు వచ్చింది రష్యా వైపు వాళ్లు. వాళ్లకు సొంత మిషన్ సంస్థ లేదు. అప్పటికే తెలుగు దేశంలో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టులతో కలిసి అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా 1890లో నల్గొండలో పని మొదలుపెట్టారు. వాళ్ల ఖర్చులకు కానుకలు పట్టింది మొలోచ్నా వైపు రైతుల చర్చిలు. నల్గొండ జిల్లాలో ఎండిపోయిన చెరువు పక్క ఊరి కోసం ఉక్రెయిన్‌లో గోధుమలు పండించే తల్లులు ప్రార్థన చేసేవారంటే ఎలా ఉంటుందో ఊహించండి. 1899లో అమెరికా వైపు నుంచి ఎన్.ఎన్. హీబర్ట్, భార్య సూసీ, వాళ్లతో ఎలిజబెత్ న్యూఫెల్డ్ హైదరాబాద్ వచ్చారు. తర్వాత మలక్‌పేట, నాగర్‌కర్నూల్, శంషాబాద్, దేవరకొండ, వనపర్తి, 1937లో బాప్టిస్టుల చేతుల నుంచి మహబూబ్‌నగర్, ఇలా మిషన్ కాంపౌండ్లు వచ్చాయి. వాటి పక్కన బడులు, హాస్టళ్లు, దవాఖానాలు వెలిశాయి.

డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ గురించి మీకు తప్పకుండా తెలియాలి. రష్యాలో 1870లో పుట్టి, చిన్నప్పుడే అమెరికాకు వలస వెళ్లి, అక్కడ డాక్టరు చదివి 1907లో మన దేశం వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. మగ డాక్టరు ఆడవాళ్లను ముట్టుకోవడానికి వీల్లేని రోజులు అవి. పరదా ఇళ్లలోని బేగంల నుంచి వాడల్లోని కూలితల్లుల దాకా కాన్పు కష్టమైతే ఆడ డాక్టరు దొరకడమే అపురూపం. 1945 జనవరి 1న ఆమె శంషాబాద్‌లోనే చనిపోయారు.

ఇక మన ముత్తాతల సంగతి. నిజాం రాజ్యంలో మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవాళ్లు. బావి దగ్గరికి రానివ్వని, వెట్టికి పిలిస్తే పోవాల్సిన మనుషులు. ఏం తినాలి, ఎక్కడ నిలబడాలి అన్నది కూడా వాళ్ల చేతుల్లో ఉండేది కాదు. అలాంటి మనిషిని సంఘం ముందు నిలబెట్టి, నువ్వు నీ అంతట నువ్వే నమ్ముతున్నావా అని అడిగారు. జ్యూరిక్‌లో ప్రాణం మీదికి తెచ్చిన ప్రశ్న అదే. మన వాడల్లో అది తల ఎత్తుకునేలా చేసిన ప్రశ్న అయింది. కానీ ఇంకో వైపు కూడా చెప్పాలి. మనవాళ్లు చాలాచోట్ల ఒక్కొక్కరుగా కాదు, కుటుంబాలకు కుటుంబాలుగా వచ్చారు. పెద్దాయన తలూపితే ఇంటిల్లిపాదీ నీళ్లలో దిగింది. అది తప్పని నేననను, కలిసి బతికే జనం కలిసే కదులుతారు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ప్రతి తరం మళ్లీ తనంతట తాను చెప్పుకోవాల్సి వచ్చింది. మీరిప్పుడు చేస్తున్నది అదే.

మనకు సువార్త పంపిన ఆ మొలోచ్నా ఊళ్ల గతి ఏమైందో తెలుసా? 1917 విప్లవం తర్వాత అంతర్యుద్ధంలో ముఠాలు ఊళ్ల మీద పడ్డాయి. కొందరు యువకులు మూడు వందల ఏళ్ల పైబడిన మాట తప్పి తుపాకులు పట్టారు. అది సరైనదా కాదా అని వాళ్ల మనవళ్లు ఇప్పటికీ బాధతో చర్చించుకుంటారు. ఆ వెంటనే కరువు. నల్గొండకు వచ్చే కానుకలు ఆగిపోయాయి. ఆకలితో ఉన్న ఆ ఊళ్లకు అన్నం పెట్టడానికే అమెరికా, కెనడా సంఘాలన్నీ కలిసి 1920లో మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ పెట్టుకున్నాయి. ఇప్పుడు ఆ సంస్థ ఏ మతం వాళ్లకైనా సాయం చేస్తుంది. 1942లో కలకత్తాకు వచ్చి బెంగాల్ కరువులో పనిచేసింది. 1920ల్లో 20,000 మందికి పైగా కెనడాకు తప్పించుకున్నారు. మరికొందరు 1930లో పరాగ్వేలోని చాకో అనే ముళ్లపొదల ఎడారికి చేరారు. వెళ్లలేనివాళ్లు స్టాలిన్ కాలంలో పడిన బాధ చెప్పతరం కాదు. జర్మనీలో ఉన్న మెన్నోనైట్లు అప్పటికే కత్తి పట్టకూడదన్న నియమం చాలామటుకు వదిలేశారు. వాళ్లలో కొందరు హిట్లర్‌ను సమర్థించారు. ఇదీ మన కుటుంబ చరిత్రే.

మన దేశంలో మనం ఒక్కళ్లమే కాదు. 1897 కరువుకు అమెరికా నుంచి ధాన్యం పంపిన మెన్నోనైట్లు 1899లో ఛత్తీస్‌గఢ్‌లోని ధంతరిలో మిషన్ పెట్టారు. అక్కడి ఆస్పత్రి ఇప్పటికీ పేరున్నది. ఇంకో శాఖవాళ్లు చాంపాలో కుష్ఠు రోగులకు ఆశ్రమం కట్టారు. 1997లో ప్రపంచ మెన్నోనైట్ల మహాసభ కలకత్తాలో జరిగింది.

ఇప్పుడు ప్రపంచంలో 20 లక్షలకు పైగా బాప్తిస్మం పొందిన సభ్యులున్నారు. ఎక్కువమంది యూరప్‌లోనో అమెరికాలోనో కాదు, ఆఫ్రికాలో, ఆసియాలో, లాటిన్ అమెరికాలో ఉన్నారు. ఇథియోపియాలోని మెసెరెతె క్రిస్తోస్ సంఘం అన్నిటికన్నా పెద్దది. 1982లో అక్కడి సైనిక ప్రభుత్వం చర్చిలకు తాళాలు వేసి, పెద్దలను ఏళ్ల తరబడి జైల్లో పెట్టింది. సభ్యులప్పుడు సుమారు 5,000 మంది. ఇళ్లలో నలుగురైదుగురు చొప్పున కూడుతూ వచ్చారు. చాలా గుంపులను ఆడవాళ్లే నడిపించారు. 1991లో ప్రభుత్వం పోయి తాళాలు తెరుచుకునే నాటికి వాళ్లు 34,000 అయ్యారు. క్రీస్తు తప్ప వేరే పునాది లేదన్న 1 కొరింథీయులకు 3:11 మాటను మెన్నో తన పుస్తకాల మొదటి పేజీలో పెట్టుకునేవాడు. ఆ ఇథియోపియా సంఘం తన పేరు తీసుకుంది ఆ వచనం నుంచే.

2010లో లూథరన్ సంఘాల ప్రపంచ సమాఖ్య జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మెన్నోనైట్లను క్షమాపణ అడిగింది. తమ పితరులు మన పితరులను హింసించినందుకు, ఆ హింసను సమర్థించినందుకు మోకాళ్ల మీద ప్రార్థించారు. 2025 మే నెలలో, మొదటి బాప్తిస్మానికి ఐదు వందల ఏళ్లు నిండిన సందర్భంగా, అన్ని దేశాల వాళ్లు జ్యూరిక్‌లో కలిశారు.

మీకు ఒక పని చెప్తాను. దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. వాళ్లతో పాటు ఎర్రటి ఎండలో ఊరూరా నడిచిన మన బైబిలు స్త్రీలు, గ్రామ సువార్తికులు, బడి పంతుళ్ల పేర్లలో చాలావరకు ఎక్కడా లేవు. శంషాబాద్ బైబిలు బడి 1920లో నాగర్‌కర్నూల్‌లో మొదలైంది. అక్కడ చదివి పల్లెల్లో చర్చిలు నిలబెట్టినవాళ్ల మనవళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఈ సెలవుల్లో మీ ఊరి పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. మన ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరు, ఏ చెరువులో, ఎవరిచ్చారు, ఊరివాళ్లు ఏమన్నారు, అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేసినా సరే, తర్వాత మాత్రం నోట్‌బుక్‌లో రాయండి. ఊరి పేరు, సంవత్సరం మర్చిపోవద్దు. రాసినవి బాప్తిస్మం రోజున నాకు ఇవ్వండి. అన్నీ కలిపి మన సంఘానికి ఒక పుస్తకం వేయిస్తాను, ఖర్చు నాది.

మీ తాత