గీసేది ఒకరు, చేసేది ఇంకొకరు

1987లో మోరిస్ చాంగ్ తైవాన్‌లో టీఎస్‌ఎంసీ పెట్టారు. సొంత చిప్‌లు అమ్మకుండా, ఇతరులిచ్చిన డిజైన్లను తయారుచేసి ఇవ్వడమే దాని వ్యాపారం. అప్పటిదాకా చిప్ గీసిన కంపెనీయే ఎక్కువగా దాన్ని తయారు చేసుకునేది. ఫ్యాక్టరీ ఖర్చు వందల కోట్ల డాలర్లకు చేరాక చాలామంది తయారీని వదిలేసి డిజైన్‌తోనే సరిపెట్టుకున్నారు. ఇప్పుడు ఒక్క చిప్ మీద ఎన్ని చేతులు పడుతున్నాయో లెక్కపెట్టడం కష్టం.

ఆ చేతుల్లో ఒకటి చిన్న దొంగ సర్క్యూట్ కలిపేస్తే? ఈ టెన్షన్ అమెరికా రక్షణ శాఖకు ముందే పట్టుకుంది. 2005లో ఆ శాఖ సలహా మండలి డిఫెన్స్ సైన్స్ బోర్డు హెచ్చరించింది. 2007లో అదే శాఖ పరిశోధన విభాగం డార్పా, దీనిపై పరిశోధనకు డబ్బు పెట్టింది.

2008లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు చేసి చూపించారు. సుమారు 18 లక్షల గేట్లు (చిప్‌లో లెక్క చేసే బుల్లి సర్క్యూట్లు) ఉన్న ప్రాసెసర్‌కు మరో 1,341 గేట్లు చేర్చి, అసలు పాస్‌వర్డ్ తెలియకుండానే లాగిన్ అయ్యారు. మామూలు టెస్టులకు ఇది చిక్కదు. చిప్ చేయాల్సిన పని చేస్తోందా అనే అవి చూస్తాయి, చేయకూడనిది కూడా చేస్తుందా అని అడగవు. 2013లో ఇంకో బృందం ఒక్క తీగ కూడా కలపలేదు. కొన్ని ట్రాన్సిస్టర్లలో డోపింగ్ (సిలికాన్‌లో కలిపే వేరే పదార్థం) మార్చి, రహస్య సంఖ్యలు పుట్టించే సర్క్యూట్‌ను బలహీనపరచవచ్చని చూపింది. 2016లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లది మరీ గడుసు పని: విద్యుత్ ఛార్జ్ దాచుకునే ఒక బుల్లి కెపాసిటర్. ఫలానా పని పదేపదే జరిగితే అందులో ఛార్జ్ పోగవుతుంది, నిండగానే దాడి చేసేవాడికి సిస్టమ్ మీద అధికారం దక్కుతుంది.

ఇవన్నీ పరిశోధకుల చేతి పనులే. ఫ్యాక్టరీలోనే ట్రోజన్ (చిప్‌లో దాచిన ఇలాంటి దొంగ మార్పు) పెట్టారని అందరూ ఒప్పుకున్న కేసు బయటికి రాలేదు. 2018లో సర్వర్ బోర్డుల్లో గూఢచారి చిప్‌లున్నాయని బ్లూంబర్గ్ రాస్తే, ఆపిల్, అమెజాన్, ఆ బోర్డులు చేసే సూపర్‌మైక్రో మూడూ ఖండించాయి.

నిజంగా దెబ్బకొట్టింది నకిలీ సరుకు. పాత బోర్డుల నుంచి చిప్‌లు ఊడదీసి, పైన పేరు గీకేసి, కొత్తది అచ్చేసి అమ్మేస్తారు. 2009, 2010ల్లో అమెరికా రక్షణ కొనుగోళ్లలో ఇలాంటి అనుమానపు కేసులు 1,800 దాకా, భాగాలు 10 లక్షలకు పైగా ఉన్నట్టు సెనేట్ కమిటీ తేల్చింది. తెలివైన ట్రోజన్ కన్నా ఈ మొరటు మోసమే ముందు చేరిపోయింది.

ఫ్యాక్టరీని నమ్మలేని సమస్యకు విరుగుడుగా 2008లో లాజిక్ లాకింగ్ వచ్చింది. డిజైన్‌కే తాళం వేసి పంపితే, ఫ్యాక్టరీ తయారు చేయగలదు గానీ తాళంచెవి లేకుండా పనిచేయించలేదు. 2015లో సాట్ సాల్వర్లతో (తర్కపు చిక్కుముళ్లు విప్పే ప్రోగ్రాములతో) అప్పటి తాళాల్లో చాలావాటిని విప్పేశారు. మళ్లీ కొత్త తాళాలు తయారవుతున్నాయి, వాటిని విప్పేవాళ్లూ తయారవుతున్నారు.